మడ్డి చెరువు

ఆ ఏడు ఎండాకాలం చివర్లో మా తమ్ముడు మడ్డి చెరువు కట్ట మీద కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ మా ఆయన్ని ఆటపట్టించడం నాకు బాగా గుర్తు.

"ఇంతకీ నీ ఉద్యోగమేంటి బావా? ఊళ్లో అందరూ అడుగుతున్నారు. బొగ్గు తవ్వుతాడా అంటే తవ్వడు. డంపర్ తోలతాడా అంటే తోలడు. పొద్దస్తమానం ఈ చెరువు చుట్టూ ప్రదక్షిణలు. నీళ్లకి కాపలానా నువ్వు?"

"కాపలా కాదురా. నీళ్లని కూర్చోబెడతాను." మా ఆయన పొడుగాటి కర్రని చెరువులోకి దించి లోతు చూస్తున్నారు. "పరిగెత్తే నీళ్లు మట్టిని మోసుకొస్తాయి. వాటిని ఒకచోట కూర్చోబెట్టామనుకో, మట్టి అడుగున పడుకుంటుంది. పైన తేరుకున్న నీళ్లు మీ వాగులోకి వస్తాయి. నువ్వు ఆ నీళ్లతో వంకాయలు కాయించి, మళ్లీ మాకే ఎక్కువ రేటుకి అమ్ముతావు."

"నీళ్లు కూర్చుంటాయి, మట్టి పడుకుంటుంది. బాగుంది. మరి నువ్వెప్పుడు పడుకుంటావు?"

"వానలు వెళ్లాక."

"విన్నావా అక్కా? నీ మొగుడు సగం ఏడాది నిద్రపోడట. పెళ్లికి ముందు చెప్పాడా ఈ సంగతి?"

నేను గడ్డి దుబ్బులు గంపలోకి సర్దుకుంటూ నవ్వి ఊరుకున్నాను. వాళ్లిద్దరి మధ్యలో మాట్లాడితే చివరికి ఇద్దరూ ఒకటై నా మీద పడతారు. అది నాకు కొత్త కాదు.

మాది తెరిచిన గని. బొగ్గు పైనున్న మట్టినంతా తవ్వి ఓ పక్కన పోస్తారు. ఏళ్ల తరబడి పోసిన మట్టి కొండంత అయింది. ఆ కొండ మీద పడ్డ వాన చిన్నదైనా సరే, మట్టిని కోసుకుంటూ కిందికి వస్తుంది. అది ఎటు పడితే అటు పోకుండా కొండ చుట్టూ కాలువ తవ్వారు. చుట్టుకాలువ అంటాం. చుట్టుకాలువలో పడ్డ నీళ్లు, బొగ్గు తీసే గుంతలోంచి పంపులతో తోడిన నీళ్లు, అన్నీ మడ్డి చెరువులోకే వస్తాయి. చెరువుకి అవతలి వైపు ఇనప షట్టరు. షట్టరు కింద వాగు. వాగు వెంట గంటసేపు నడిస్తే మా పుట్టిల్లు. అక్కడ అమ్మ, తమ్ముడు, మా మరదలు.

ఆ చెరువు మా ఆయన చేతికింద ఉండేది. నేను గని నర్సరీలో పనిచేసేదాన్ని. మట్టికొండ వాలుల మీద నాటడానికి గడ్డి, మొక్కలు పెంచడం మా పని. వేళ్లు దిగితే మట్టి నిలుస్తుంది. ఒక విధంగా చెప్పాలంటే మొగుడూ పెళ్లాలిద్దరం ఆ మట్టిని కదలకుండా చూడడానికే జీతం తీసుకునేవాళ్లం.

మా ఆయన కర్ర బయటికి తీసి చూపించారు. తడిసింది కాస్తే. మిగతా అంతా బురద పూత.

"చూడు. నీళ్లు మోకాలి దాకా లేవు. కింద మడ్డి నిలువెత్తు ఉంది. పోయినేడు తియ్యలేదు, అంతకుముందేడూ తియ్యలేదు. రేపు వానొస్తే నీళ్లని ఎక్కడ కూర్చోబెట్టను, నా నెత్తి మీదా?"

"పొక్లెయిన్ వచ్చిందిగా బావా," అన్నాడు తమ్ముడు.

వచ్చింది. ఎన్నిసార్లు అడిగాకో ఆ వారమే వచ్చింది. చెరువు మూలన పసుపచ్చగా నిలబడి, బకెట్ ముంచి మడ్డి ఎత్తి టిప్పర్లో పోస్తుంటే మా ఆయన ముఖంలో పెళ్లినాటి కళ కనిపించింది నాకు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇలా ఇంకో పదిహేను రోజులు నడిస్తే చాలు, ఈ ఏడు గండం గట్టెక్కినట్టే," అన్నారు.

నాలుగో రోజు పొద్దున నేను నర్సరీ తలుపు తీస్తుండగా పొక్లెయిన్ మా ముందునుంచే గొలుసుల చప్పుడు చేసుకుంటూ గుంత వైపు వెళ్లిపోయింది. దాని వెనక మా ఆయన చెప్పుల్లేకుండా పరిగెడుతూ వచ్చారు. ఆ సమయానికి మేనేజరు జీపు మా షెడ్డు దగ్గరే ఆగి ఉంది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి మొక్కలు చూసి వెళ్లేవారు. చెడ్డమనిషి కాదు. నా పని మెచ్చుకున్న ఒకే ఒక్క ఆఫీసరు ఆయన.

"సార్, మిషన్ తీసుకెళ్తున్నారు. పావువంతు కూడా అవలేదు."

"తెలుసయ్యా. వానలు మొదలైతే గుంతలో బొగ్గు తియ్యలేం. ఈలోపే ఎంత తీస్తే అంత. పది రోజులు ఓపిక పట్టు, మళ్లీ నేనే పంపిస్తాను."

"వాన ఓపిక పట్టొద్దా సార్?"

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా పైన కూడా మనుషులున్నారు. ప్రస్తుతానికి కూలీల్ని పెట్టించుకో. చుట్టుకాలువ బాగు చేయించు. అదైతే ఇవాళే సంతకం పెడతాను."

వాన ఓపిక పట్టలేదు. ఆ వారంలోనే దిగింది.

మొదటి వానలు పడ్డాక ఓ ఆదివారం తమ్ముడు మా ఇంటికొచ్చాడు. వచ్చేటప్పుడు ఎప్పుడూ గోలగోలగా వస్తాడు. ఆరోజు చప్పుడు లేకుండా వచ్చి, సంచీలోంచి ఓ సీసా తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. సీసా నిండా నీళ్లు. ఇటుక పొడి కలిపినట్టున్నాయి.

"వాగులో ముంచాను," అన్నాడు. "తాగుతావా బావా?"

మా ఆయన సీసా వైపు చూసి తల దించుకున్నారు. నేను ముగ్గురికీ వడ్డించాను.  తింటున్నంతసేపూ సీసా మా మధ్యలోనే ఉంది. మేం చేతులు కడుక్కునేసరికి అడుగున బొటనవేలంత మందాన మడ్డి పేరుకుంది. పైన నీళ్లు కాస్త పల్చబడ్డాయి.

"చూశావా," అన్నారు మా ఆయన మెల్లగా. "భోజనం చేసేంతసేపు కూర్చోబెట్టినా ఇంత తేరుకుంటుంది. ఆ మాత్రం చోటు కూడా లేదురా నాకక్కడ."

తమ్ముడు సీసా తీసుకెళ్లి పెరట్లో పారబోసి వచ్చాడు.

"ఊళ్లో వాళ్లు గని గేటు ముందు కూర్చుంటామన్నారు బావా. నేనే ఆపాను. పైన మా బావ ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు అన్నాను. వాగులో వేసిన మోటార్లకి బురద పట్టి ఇద్దరివి కాలిపోయాయి. నాదీ రిపేరుకిచ్చాను. అయినా వాళ్లు నా మాట మీద ఆగారు."

"ఎందుకాపావురా? కూర్చోనివ్వాల్సింది. నేను అడిగితే రాని మిషన్ మీరడిగితే వచ్చేదేమో."

"నీ ఉద్యోగం?"

"ఏం ఉద్యోగం లే."

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. మర్నాడు పొద్దున తమ్ముడు పార భుజాన వేసుకుని గని దగ్గర ప్రత్యక్షమయ్యాడు. వాడి వెనక ఊరివాళ్లు కొందరు. చుట్టుకాలువ తవ్వే కూలీల్లో పేర్లు రాయించుకున్నారు. "గేటు ముందు కూర్చునే బదులు గేటు లోపల తవ్వుదామన్నాను," అని నవ్వాడు.

ఆ తర్వాతి రోజులు మా ముగ్గురికీ కష్టమైనవే, అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ సీజన్లో నాకు మిగిలిన మంచి రోజులు అవే. వాన తెరిపిచ్చినప్పుడల్లా వాళ్లు కాలువలో దిగి మడ్డి ఎత్తిపోసేవాళ్లు. నీళ్ల ఉరవడి తగ్గడానికి కాలువకడ్డంగా అక్కడక్కడ రాళ్లు పేర్చారు. నేనూ మా ఆడవాళ్లూ వాలు మీద గడ్డి నాటుతూ పైనుంచి చూసేవాళ్లం. బావా బావమరుదులిద్దరూ పీకల దాకా బురద పూసుకుని ఎవరెవరో తెలిసేది కాదు. ఓసారి నేను టీ గ్లాసు పట్టుకెళ్లి తమ్ముడనుకుని మా ఆయన వీపు మీద ఒక్కటి చరిచాను. ఆయన తిరిగి చూసేసరికి నాలిక్కరుచుకున్నాను. కాలువలో ఉన్నవాళ్లంతా పారలు వదిలేసి నవ్వారు.

"అలవాటైన చెయ్యిలాగే ఉంది," అన్నాడు తమ్ముడు. "బావా, నాకు తెలియకుండా ఇంట్లో రోజూ ఇదేనా?"

ఆ పదిరోజుల్లో వాడు గని నీళ్ల సంగతంతా నేర్చుకున్నాడు. షట్టరు ఎంత ఎత్తితే వాగు ఎంత పొంగుతుందో, కట్ట ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ పీలగా ఉందో, అన్నీ మా ఆయన వాడికి కట్ట పొడుగునా నడిపించి చూపించారు. "రేపు నేను చచ్చినా ఇది చూసుకోవడానికొకడుండాలిగా," అన్నారోసారి. "నోరు మంచిదవ్వాలి," అని కసిరాను నేను.

పొక్లెయిన్ తిరిగి రాలేదు. తమ్ముడు మోటారు బాగై వచ్చిందని, తోట ఎండగట్టకూడదని ఊరికెళ్లిపోయాడు. మేనేజరు జీపు మా షెడ్డు దగ్గర ఆగడం మానేసింది.

ఆ రోజు వాన తెల్లవారకముందే మొదలైంది. ఉరుముల్లేవు, గాలి లేదు. ఒకటే ధార. మధ్యాహ్నానికి గుంతలో పని ఆపేసి మనుషుల్ని పైకి పంపేశారు. నేను నర్సరీ షెడ్డులో మొక్కల ట్రేలు ఎత్తు మీదకి పెడుతున్నాను. ఉన్నట్టుండి కొండ వైపు నుంచి బస్తా జారినట్టు ఒక చప్పుడు. ఏమంత పెద్దది కాదు. బయటికొచ్చి చూస్తే, కొత్తగా పోసిన వాలు, మేమింకా గడ్డి నాటనిది, ఉన్నపళంగా కిందికి కూర్చుంది. చుట్టుకాలువ కనిపించడం లేదు. కాలువలో పోవాల్సిన నీళ్లన్నీ మట్టితో కలిసి అడ్డదారిన చెరువు మీద పడుతున్నాయి.

గొడుగు తీసుకుని కట్ట మీదకి పరిగెత్తాను. మా ఆయన కట్ట బయటి వాలు మీద వంగి, అరచెయ్యి ఆనించి ఉన్నారు.

"ఏమైందండీ?"

"చెమరుస్తోంది," అన్నారు.

చెయ్యి పెట్టి చూశాను. వాన తడి కాదు అది. లోపలినుంచి సన్నగా ఊరుతోంది. గడ్డి పరకల మొదళ్లలో మట్టి రంగు నీళ్లు.

నాకు వివరించాల్సిన పని లేదు. కట్ట తెగిందంటే చెరువులో నీళ్లూ, ఏళ్లనాటి మడ్డీ కలిసి ఒక్కసారి వాగులో పడతాయి. ఊరు ఊరే మిగలదు. షట్టరు కొద్దికొద్దిగా ఎత్తితే వాగు గట్లు దాటి పొలాల మీద పారుతుంది, కానీ ఇళ్లు కొంచెం మెరక మీద ఉన్నాయి కాబట్టి దక్కుతాయి. వాగు పక్కన మనుషులు లేకుండా చూసుకోవాలి, అంతే.

మా ఆయన మేనేజరుకి ఫోన్ చేశారు. "ఎత్తెయ్, ఊరికి చెప్పి ఎత్తెయ్," అన్నారాయన. తర్వాత తమ్ముడికి చేశారు. వాడు ఇంకేమీ అడగలేదు. "అలాగే బావా, నేను అందర్నీ మెరక మీదకి పంపి మళ్లీ చేస్తాను," అని పెట్టేశాడు.

ఆ తర్వాత వేచి చూడడమే మాకు మిగిలింది. ఆయన షట్టరు చక్రం మీద చేతులు వేసి నిలబడ్డారు. నేను ఫోన్ పట్టుకుని గొడుగు కింద నిలబడ్డాను. నీళ్లు కట్ట అంచుకి జానెడు దూరంలో ఉన్నాయి. తర్వాత అంత దూరం కూడా లేదు. కట్ట వాలు మీద చెమ్మ ఊరినచోట చిన్న ధార కట్టింది. ఆయన దాన్ని చూస్తున్నారు. నేను ఆయన్ని చూస్తున్నాను.

ఫోన్ మోగింది. ఆయన చేతులు చక్రం వదల్లేదు. నేనే ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. వాడు అరిచి మాట్లాడుతున్నాడు కాబట్టి నాకూ అంతా వినిపించింది.

"అయిపోయింది బావా. అందరూ పైకొచ్చేశారు. గొడ్లని కూడా తోలేశాం. ఎత్తెయ్."

"నువ్వెక్కడున్నావు?"

"పైనే ఉన్నాను."

"పైన అంటే ఎక్కడరా? ఇంట్లోనేనా?"

"అబ్బా, పైనే అంటున్నానుగా! ఎత్తు బావా, ఇంక చూడకు. కట్ట పోతే మాకు ఇళ్లు కూడా ఉండవు, నువ్వే చెప్పావుగా. అక్క పక్కనుందా? అక్కా, బావకి గొడుగు పట్టు, కరిగిపోతాడు."

ఆయన చక్రం తిప్పారు. తుప్పు పట్టిన ఇనుము మూలిగింది. కింద ఎర్రటి నీళ్లు నాలుకలా బయటికొచ్చాయి. కాస్త ఆగి ఇంకొంచెం తిప్పారు. మళ్లీ ఆగారు. అలా కొంచెం కొంచెంగా, పసిబిడ్డకి పాలు తాగించినంత జాగ్రత్తగా ఎత్తారు. నేను గొడుగు ఆయన నెత్తి మీద పట్టాను. అప్పటికే ఇద్దరం పూర్తిగా తడిసి ఉన్నాం, అయినా పట్టాను.

చీకటి పడకముందే వాన తగ్గింది. నీళ్లు కట్ట అంచు నుంచి మూరెడు కిందికి దిగాయి. ధార ఆగిపోయింది. కట్ట నిలిచింది. గుంతలోంచి పైకొచ్చిన కార్మికులు గుంపుగా వచ్చి మా ఆయన భుజాలు తట్టారు. ఎవరో టీ తెచ్చిచ్చారు. ఆయన ఆ రోజంతటిలో మొదటిసారి కట్ట మీద కూలబడి, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, "బతికాం," అన్నారు.

నా చేతిలో ఫోన్ మోగింది. మా మరదలు.

"వదినా, ఆయన మీ దగ్గరికేమైనా వచ్చారా?"

మర్నాడు మధ్యాహ్నం, మా ఊరికి చాలా దిగువన వాగు మలుపు తిరిగే చోట దొరికాడు. ముఖం కనబడడానికి బిందెలకి బిందెలు నీళ్లు పోయాల్సి వచ్చింది. అమ్మ పక్కనే కూర్చుని వాడి చెవుల్లోంచి, గోళ్లలోంచి బురద తీస్తూ, "వీడికి ఈతొచ్చు కదే," అని నన్ను అడుగుతూనే ఉంది. "ఈతొచ్చు కదే వీడికి." ఆ నీళ్లలో ఈత పనికిరాదని అమ్మకి ఎలా చెప్పను? అవి నీళ్లు కావు. ఏళ్ల తరబడి కూర్చుని బరువెక్కిన మట్టి.

వాగు ఒడ్డున ఆనవాళ్లు చూసినవాళ్లు చెప్పారు. అందర్నీ పైకి పంపి, ఫోన్ మాట్లాడి, వాడు వెనక్కి వెళ్లాడు. మోటారు బోల్టులు విప్పి ఒక్కడే భుజానికెత్తుకుని మెరక మీదకి తెచ్చి పెట్టాడు. అది అక్కడే భద్రంగా ఉంది, దాని మీద వాడి చొక్కా కప్పి. తర్వాత పైపు కోసం మళ్లీ దిగాడు.

ఇంటి ముందు జనం. అందులో ఒకాయన, మోటారు కాలిపోయినాయన, మా ఆయన్ని చూడగానే లేచాడు. "షట్టరెత్తింది నువ్వే కదా? నిన్ను నమ్మమని మా చేతులు పట్టుకున్నాడు వాడు. మనిషున్నాడో లేడో చూసుకోకుండా ఎత్తేశావా?"

 మా ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నారంతే. కొట్టినా నిలబడేలాగే ఉన్నారు.

లోపలినుంచి మా మరదలు వచ్చింది. 

"అన్నయ్యా, ఫోన్లో ఆయన ఏమన్నారు?"

"పైనే ఉన్నానన్నాడమ్మా. ఎత్తెయ్యమన్నాడు. రెండుసార్లు అడిగాను."

"రెండుసార్లూ పైనే ఉన్నానన్నారా?"

"అన్నాడు."

ఆమె గుమ్మం పట్టుకుంది. "ఆయనంతే అన్నయ్యా. ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూనే దారిలో ఉన్నానంటారు. పని సగంలో ఉండగానే అయిపోయిందంటారు. ఎప్పుడూ పోట్లాడేదాన్ని ఆ విషయంలో." తర్వాత ఆ పెద్దాయన వైపు తిరిగి, "కూర్చో బాబాయ్. ఎత్తమన్నది మా ఆయనే," అని చెప్పి లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాతే ఏడుపు వినపడింది.

కొన్నాళ్లకి మేనేజరు వచ్చారు. అమ్మ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.  వెళ్లేముందు నన్ను పక్కకి పిలిచి, "చెరువులో మడ్డి తీస్తున్నారమ్మా. రెండు పొక్లెయిన్లు పెట్టించాను," అన్నారు.

"ఇప్పుడెక్కడివి సార్?" అన్నాను.

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామనిపించింది, ఇన్నాళ్లూ అవి ఎక్కడున్నాయో. ఆయన కళ్లద్దాలు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు, జీపెక్కారు.

నేను సెలవు పెట్టి పుట్టింట్లోనే ఉండిపోయాను. వానలు వెనకపట్టాయి. తమ్ముడి తోటంతా మోకాలెత్తు మడ్డి. వంగ మొక్కలు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. ఎండ కాసేసరికి అది బీటలిచ్చి పెంకులా గట్టిపడింది. మిషన్ దించుదామంటే, దాని బరువుకి అడుగునున్న అసలు నేల అణిగిపోతుంది. పారతోనే ఎత్తాలి.

మా ఆయన సెలవు దొరికినప్పుడల్లా పొద్దున మొదటి బస్సుకి వచ్చేవారు. ఇంట్లోకి రాకుండా నేరుగా తోటలోకి వెళ్లిపోయేవారు. పెంకులు పగలగొట్టి, గంపలకెత్తి, గట్టు మీద పోసేవారు. మొదట్లో ఒక్కరే. తర్వాత నేనూ, మా మరదలూ గంపలు మోశాం. తర్వాత ఓ రోజు ఆ మోటారు కాలిపోయిన పెద్దాయన పార తెచ్చుకుని రెండో కొస నుంచి తవ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మా మరదలు "రండన్నయ్యా, తిందురుగాని," అని పిలిచేది. ఆయన అరుగు మీదే కూర్చుని తినేవారు.

అమ్మ మాత్రం బయటికొచ్చేది కాదు. ఆయన వచ్చిన రోజుల్లో వెనక గదిలోనే ఉండేది. బావా బావమరుదులు ఇంటికొస్తే ముందు అల్లుడికే మంచినీళ్లిచ్చి కొడుకుతో తిట్లు తినే మనిషి, అల్లుడు అరుగు మీద కూర్చుంటే లోపల గోడవైపు తిరిగి పడుకునేది. ఆయన నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

చలి మొదలయ్యే ముందు తోట పూర్తిగా బయటపడింది. నల్లటి అసలు నేల. మా ఆయన దాని మీద ఒట్టి కాళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి చూశారు. "విత్తనం వేసుకోవచ్చమ్మా," అన్నారు మా మరదలితో. ఆమె తలూపింది.

చేతులు కడుక్కుని ఆయన బయల్దేరబోతుంటే అమ్మ బయటికొచ్చింది. మేమంతా నిలబడిపోయాం. ఎంత చిక్కిపోయిందో ఆ ఎండలో చూశాను. గుమ్మం దిగి, మెల్లగా ఆయన దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని అరచెయ్యి చూసింది. బొబ్బలు.

"బాబూ," అంది, "మీరు చెయ్యాల్సింది చేశారు. మీ మీద నాకేం లేదు. నిజంగా లేదు."

ఆయన తల దించుకున్నారు.

"కానీ మీరింక రాకండి."

"అమ్మా!" అన్నాను నేను.

"నన్ను చెప్పనివ్వవే." అమ్మ నా వైపు చూడలేదు. "మీరొస్తుంటే, ఆ రోడ్డు మలుపు దగ్గర మీరు కనబడగానే, నా కళ్లు మీ వెనకాలకి పోతున్నాయి బాబూ. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు కదా. వెనక వాడొస్తున్నాడేమోనని చూస్తున్నాను. వచ్చిన ప్రతిసారీ చూస్తున్నాను. వాడు రాడు. నాకది ప్రతిసారీ కొత్తగానే ఉంటోంది. నావల్ల కావడం లేదు."

ఆయన అమ్మ చేతుల్ని కళ్లకద్దుకున్నారు. "అలాగే అత్తయ్యా," అన్నారు. పార గోడకి ఆనించి, చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచారు.

నేను అమ్మ వైపు చూశాను. ఆయన వైపు చూశాను. మా మరదలే నా సంచీ తెచ్చి చేతికిచ్చింది. "వెళ్లు వదినా. అత్తయ్యని నేను చూసుకుంటాను. ఆయనకెవరున్నారు?"

ఈనాటికీ అమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్తాను. ఆయన బస్టాండు దాకా వచ్చి నన్ను ఎక్కించి వెనక్కి వెళ్తారు. మడ్డి చెరువు ఇప్పటికీ ఆయనదే. వేరే చోటికి మార్చుకోమంటే వద్దన్నారు. ప్రతి ఏడూ వానలకి ముందే మిషన్లు వస్తున్నాయి, అడగక్కర్లేకుండా.

అమ్మ రావద్దన్న ఆ రోజు బస్సులో మా పక్కన ఎవరూ లేరు. ఆయన కిటికీ వైపు, నేను ఇటు వైపు. పొలాలు వెనక్కి పోతున్నాయి. చాలా దూరం వచ్చాక ఆయన కిటికీలోంచి చూస్తూనే అడిగారు.

"కాసేపు ఆగి ఉండాల్సిందంటావా?"

అన్ని వారాల్లో ఆయన అడిగింది ఆ ఒక్కటే. జవాబు నాకు తెలుసు. ఆ ధార నేనూ చూశాను. ఇంకాస్త ఆగితే కట్ట ఉండేది కాదు. ఊరూ, అమ్మా, మరదలూ ఉండేవాళ్లు కాదు, వాడూ ఉండేవాడు కాదు. ఆయనకీ తెలుసు. తెలిసే అడిగారు, నా నోటితో వినాలని. చిన్న మాట. "లేదు, ఆగి ఉంటే తప్పయ్యేది" అంటే చాలు. కానీ ఆ మాట అనాలంటే, వాగులో నడుందాకా దిగి పైపు విప్పుతున్న మా తమ్ముణ్ని చూస్తూ, షట్టరెత్తమని నేనే చెప్పినట్టవుతుంది.  బయటికి రమ్మని నాలో నేనే ఆ మాటని తోస్తూ, కొంగు అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

అది బయటికొచ్చేసరికి మా స్టాపు వచ్చింది. "లేదండీ," అన్నాను, "ఆగకూడదు."

ఆయన అప్పటికే లేచి, నా సంచీ భుజాన వేసుకుని, జనాన్ని తప్పించుకుంటూ తలుపు దగ్గరికి వెళ్తున్నారు. వెనక్కి తిరగలేదు. విన్నారో లేదో నాకు తెలియదు. కిందికి దిగి, నేను దిగడానికి చెయ్యి చాచారు. పట్టుకుని దిగాను.